మాయమైన పై పలక

"మీరు దొంగల్ని పట్టుకోవడమేనా, దొంగ కానివాళ్లని విడిపించడం కూడా చేస్తారా?" అని అడిగింది వచ్చినావిడ, ఇంకా గుమ్మంలోనే నిలబడి.

"రెండూ చేస్తాను. ముందు లోపలికొచ్చి కూర్చోండి," అంది డిటెక్టివ్.

వచ్చినావిడ కూర్చుంది గానీ కుర్చీ అంచు మీదే కూర్చుంది. వయసు నలభై దాటి ఉంటుంది. జుట్టులో రంపపుపొట్టు, వేళ్ల చివర గోధుమరంగు జిగురు మరకలు. చేతిసంచిని ఎవరో లాక్కుపోతారన్నట్టు పొట్టకి అదుముకుంది. గ్లాసు అందిస్తే నీళ్లు సగం తాగి, సగం ఒలకబోసుకుంది.

ఈ డిటెక్టివ్ సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఇన్సూరెన్స్ కంపెనీలో చాలా ఏళ్లు పనిచేసి, కాలిపోయిన దుకాణంలోకి అడుగు పెడితే చాలు, అది దానంతటది కాలిందో యజమాని కాల్చుకున్నాడో చెప్పేస్తుందని పేరు తెచ్చుకుంది. ఆ ఉద్యోగం మీద మొహం మొత్తి సొంత బోర్డు పెట్టుకుంది. అసిస్టెంటు కోసం ఎక్కడా వెతుక్కోలేదు. భర్త తమ్ముడు టైపిస్టుగా రిటైరై ఇంట్లో అందరి ప్రాణాలూ తోడేస్తుంటే ఆయన్నే తెచ్చి ఎదురు బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఆ మరిదికి వదినంటే ఎంత గురి అంటే, ఆవిడ తుమ్మినా అందులో ఏదో ఆచూకీ ఉందనుకుంటాడు.

వచ్చినావిడ పని గిటార్లు చేయడం. ఊళ్లో అందరూ మేస్త్రమ్మ అంటారు. గురువు దగ్గర నేర్చుకుని, ఆయన పోయాక ఆ పనిశాలే నడుపుతోంది. ఆమె దగ్గరికి ఒక పాత గిటారు బాగుచేయడానికి వచ్చింది. అది గురువుగారు స్వయంగా చేతులతో చేసినది. సొంతదారు పేరున్న వాయిద్యకారుడు, ఇంట్లో పాఠాలు చెప్పే మాస్టారు. గిటారు పై పలక లోపలికి కుంగిపోయి, తీగలు ఆనే బ్రిడ్జి పక్కకి ఒరిగి, పొడుగునా ఒక చీలిక వచ్చింది. అతుకులకి లొంగే దెబ్బ కాదు. పాత పలక మొత్తం ఊడదీసి కొత్తది వేయాల్సి వచ్చింది.

"కొత్త పలక కుదిరింది. మెరుగు కూడా పెట్టేశాను," అంది మేస్త్రమ్మ. "పాత పలక మాత్రం జాగ్రత్తగా గోడకి తగిలించి ఉంచాను. ఆదివారం సెలవు. ఇవాళ పొద్దున తాళం తీసి చూస్తే అది లేదు. ఉలి పోలేదు, చిత్రిక పోలేదు, కొత్త పలక వేసిన గిటారు కూడా పోలేదు. ఆ విరిగిన చెక్క ఒక్కటే పోయింది."

"దాంతో ఎవరికేం పని?" అన్నాడు మరిది.

మేస్త్రమ్మ గ్లాసు కింద పెట్టి అసలు సంగతి మొదలుపెట్టింది. ఆ గిటారుని పగలగొట్టింది మాస్టారి కొడుకేనని ఆ ఇంట్లో అందరి నమ్మకం. ఇంట్లో అతన్ని చిన్నోడు అంటారు, ముప్ఫై ఏళ్లొచ్చినా సరే. కచేరీలు మానేసి గిటార్లు చేసే పనిలోకి వెళ్తానని అతను అన్నరోజు తండ్రీ కొడుకుల మధ్య పెద్ద గొడవైంది. వాయించే వంశంలో పుట్టి ఉలి పట్టుకుంటావా అని తండ్రి అంటే, ఆ చెక్కలో ఏముందో పగలగొట్టి చూపిస్తానని కొడుకు నోరు జారాడు. ఆ సాయంత్రమే పెట్టె తెరిస్తే గిటారు కుంగిపోయి కనిపించింది. అంతే, ఇక సాక్ష్యం ఎవరికి కావాలి? అప్పటినుంచి తండ్రి కొడుకుతో మాట్లాడడు. కొడుకు ఇల్లు వదిలి గది తీసుకుని, మేస్త్రమ్మ దగ్గరే పని నేర్చుకుంటున్నాడు. ఆ గిటారు మీద మాత్రం తను చెయ్యి వెయ్యనన్నాడు. అందుకని పలక మొత్తం ఆమె ఒక్కతే మార్చింది.

"పలక ఊడదీసి వెనక్కి తిప్పి చూశాను," అంది మేస్త్రమ్మ. "దెబ్బ తగిలితే చెక్క పీచు లేస్తుంది, పలకని లోపల్నుంచి పట్టుకునే బద్దలు విరుగుతాయి. ఇందులో ఒక్క బద్దా విరగలేదు. అతికించిన చోటు నుంచి జారాయి, అంతే. జిగురు సాగి ఉంది. చిన్నోడు ఆ గిటారుని కొట్టలేదండీ. ఆ మాటే మాస్టారింటికి ఫోన్ చేసి చెప్పాను. దెబ్బ కాదు, అందరూ రండి, పలక చూపిస్తానన్నాను. చూపించేలోపే పలక పోయింది."

"నోటితో చెప్తే సరిపోదా?" అంది డిటెక్టివ్.

"అతనికి పనిచ్చిన దాన్ని నేను. నా మాట ఎవరు నమ్ముతారు? పైగా చిన్నోడి అక్క ఇవాళ పొద్దున ఏమందో తెలుసా, వాడే తీసి పొయ్యిలో పెట్టుంటాడు, లేకపోతే ఆ పలక మీద వాడి పిడికిలి కనపడుతుంది కదా అంది. పనిశాల తాళం చెవి ఎక్కడుంటుందో నాకూ చిన్నోడికీ తప్ప ఎవరికీ తెలియదు. నిజం చెప్పనా, ఒక్క క్షణం నాకూ అనుమానం వచ్చింది. అప్పట్నుంచి నా మొహం నాకే చూసుకోబుద్ధి కావడం లేదు."

డిటెక్టివ్ లేచి సంచి భుజాన వేసుకుంది. అంటే కేసు ఒప్పుకున్నట్టు.

పనిశాల పొడుగాటి ఒకే ఒక గది. గోడలనిండా చెక్కని బిగించి పట్టే క్లాంపులు, వంపు తిరిగిన చెక్క అచ్చులు, గొంతు లేని గిటార్లు, పొట్ట లేని గిటార్లు. మూలన చిన్న పొయ్యి మీద జిగురు గిన్నె. తలుపు చట్రం మీద చెయ్యి పెడితే తాళం చెవి దొరికింది. గురువుగారి కాలం నుంచీ అక్కడే పెడుతున్నామని మేస్త్రమ్మ చెప్పింది. పలక తగిలించిన మేకు ఖాళీగా ఉంది. పలకని కట్టిన తాడు మాత్రం ముడి విప్పి, చుట్టచుట్టి బల్ల మీద పెట్టి ఉంది.

"మర్యాదస్తుడైన దొంగ," అన్నాడు మరిది.

డిటెక్టివ్ కిటికీ వైపు చూస్తోంది. కిటికీ దగ్గర కొత్త పలక వేసిన గిటారు వేలాడుతోంది. కొత్త చెక్క కదా, తేనె చుక్క కూడా కలపని పాలలా తెల్లగా ఉంది. కిటికీకి తెర దించి ఉంది. గదిలో దీపం వేస్తే గానీ పని కనిపించడం లేదు. ఇక్కడ ఎప్పుడూ ఇంత చీకటేనా అని ఆమె అడిగితే, మేస్త్రమ్మ అప్పుడే గమనించినట్టు అటు తిరిగింది. పలక పోయిన కంగారులో తెర సంగతే పట్టించుకోలేదట. అది ఎప్పుడో దుమ్ముకని కట్టిన తెర. ఏళ్ల తరబడి ఒక పక్కకి కట్టే ఉంటుంది. ఆ కిటికీ ఉత్తరానికి ఉంది, లోపలికి ఎండ పొరపాటున కూడా రాదు. అలాంటి వెలుతురే కావాలని గురువుగారు ఏరికోరి పెట్టించుకున్న కిటికీ అది.

"చిన్నోడిగారికి ఆ సంగతి తెలుసా?"

"పని నేర్చుకోవడానికి వచ్చిన మొదటిరోజే చెప్తాం. అతని బల్ల ఆ కిటికీ కిందే."

డిటెక్టివ్ తల ఊపి, తర్వాత గిటారు పెట్టె తెరిపించింది. లోపల మెత్తటి గుడ్డ, తల వైపు చిన్న మూత ఉన్న అర. అందులో అదనపు తీగలు, తీగలు తిప్పి బిగించే బిరడాలు పట్టేయకుండా రాసే మైనం. ఆ మైనం ఇప్పుడు ముద్దగా లేదు. ఎప్పుడో కరిగి, మళ్లీ గట్టిపడింది. అయితే అర అడుగున పరుచుకోలేదు. ఒక పక్క గోడకి, సున్నం పూసినట్టు, అతుక్కుని గట్టిపడింది. డిటెక్టివ్ పెట్టెని పక్కకి నిలబెట్టి చూసి, మళ్లీ పడుకోబెట్టి, మూత వేసింది. మరిది ఏమైంది వదినా అని అడిగితే ఏమీ కాలేదు, కరిగింది అంతే అంది.

చిన్నోడు వెనక వరండాలో చెక్క నున్నగా రుద్దుతున్నాడు. బక్కపల్చటి మనిషి, కళ్ల కింద నలుపు. పలక నువ్వు తీశావా అని ఆమె సూటిగానే అడిగింది. తియ్యలేదన్నాడు. గిటారు ఎవరు పాడుచేశారో తెలుసా అంటే తెలియదన్నాడు. ఇంకేమీ అడక్కుండా ఆమె వెనక్కి తిరిగితే, అతనే పిలిచి ఒక మాట అన్నాడు.

"ఆ పలక దొరక్కపోయినా ఫర్వాలేదండీ. నాన్న ఒక్కసారి నోరు తెరిచి, నువ్వు చేశావా అని అడిగితే చాలు. లేదని చెప్పుకుంటాను. అడగనైనా అడగలేదు."

మాస్టారిల్లు రెండు వీధుల అవతల. తలుపు తీసింది కూతురు. తమ్ముడి మీద కోపం, దిగులు సగంసగం కలిసి ఉన్నాయి ఆమె మాటల్లో. గొడవ జరిగిన రోజు సంగతి అడిగితే ఆమె గుక్కతిప్పుకోకుండా చెప్పింది. ఎండలు మండిపోతున్న రోజులు, గొడవయ్యాక ఎవరి దారిన వాళ్లు పోయారు, తను మార్కెట్టుకి వెళ్దామంటే వాకిట్లో కారు లేదు, ఆ ఎండలో బస్సులో వేలాడుతూ వెళ్లి వచ్చేసరికి ప్రాణం పోయింది, సాయంత్రం దుమ్ము తుడుద్దామని పెట్టె తెరిస్తే గిటారు అలా ఉంది.

"నాన్నగారు ఏమన్నారు?"

"ఏమంటారు, కొయ్యబారిపోయారు. వాడి మొహం చూడనన్నారు."

"ఆయన నోటితో అన్నారా ఆ మాట?"

కూతురు ఆగింది. "అనాలా ఏంటి? వాడి ఊసెత్తితే లేచి వెళ్లిపోతారు. మాకు అర్థం కాదా?"

అల్లుడు స్కూటరు తుడుచుకుంటూ దొరికాడు. తనకి గిటారంటే గిట్టదని దాపరికం లేకుండా చెప్పేశాడు. మామగారి శిష్యులు సాధన చేస్తుంటే చెవుల్లో దూది పెట్టుకుంటాడట. ఆఫీసుకి ఎప్పుడూ స్కూటరేనని, ఆ డొక్కు కారు జోలికి తను పోనని కూడా చెప్పాడు. మామగారే చెప్పారని గిటారుని పనిశాలకి తీసుకెళ్లి ఇచ్చింది అతనే. వేరే చోట ఇద్దామంటే, కాదు, అక్కడే ఇవ్వమని మామగారు పట్టుబట్టారట. ఆదివారం సాయంత్రం భార్యాభర్తలిద్దరూ అల్లుడి తల్లిగారింట్లో ఉన్నారు.

మాస్టారు లోపలి గదిలో ఒక్కరే కూర్చుని ఉన్నారు. తెల్లటి మీసం, నిటారైన వెన్ను, ఒళ్లో ఖాళీగా పడి ఉన్న రెండు చేతులు. ఆ మేస్త్రమ్మ గురువుగారు మీకు బాగా తెలుసా అంటే ఆయన మొహం ఒక్కసారి విచ్చుకుంది. గిటారు తయారవుతున్నన్నాళ్లూ సాయంత్రాలు అక్కడే గడిపానని, తలుపు తాళం తనే తీసుకుని కూర్చునేవాడినని చెప్పారు. అప్పుడే ఎందుకో ఆగిపోయారు. గొడవ జరిగిన రోజు ఎక్కడున్నారంటే, ఇంట్లోనే, తలనొప్పితో పడుకున్నానన్నారు. పెట్టె ఎప్పుడూ ఎక్కడ పెడతారని అడిగితే మంచం పక్కన బల్ల మీద, పడుకోబెట్టే ఉంచుతానని చెప్పారు. గదిలో కిటికీలన్నింటికీ మందపాటి తెరలు వేసి ఉన్నాయి.

దారిలో మరిది తన అభిప్రాయం చెప్పకుండా ఉండలేకపోయాడు. అల్లుడే చేశాడని ఆయన గట్టి నమ్మకం. దూది పెట్టుకునేవాడు దేనికైనా తెగిస్తాడన్నాడు. డిటెక్టివ్ నవ్వి, మరిదిగారూ, గిట్టనివాడు గిటారుకి తెర దించడు అంది. మరిదికి ఆ మాట అర్థం కాలేదు గానీ, అర్థమైనట్టే చాలాసేపు తల ఊపుతూ నడిచాడు.

మర్నాడు గిటారు తీసుకెళ్లమని మేస్త్రమ్మ చేత కబురు పెట్టించి అందర్నీ పనిశాలకి రప్పించింది. మాస్టారు తలుపు పక్కన కుర్చీలో కూర్చున్నారు. కూతురూ అల్లుడూ బల్లనానుకుని నిలబడ్డారు. చిన్నోడు గది ఆ చివర, తండ్రికి ఎంత దూరంగా ఉండొచ్చో అంత దూరంగా నిలబడ్డాడు. డిటెక్టివ్ మధ్యలో ఎత్తు పీట మీద కూర్చుంది.

"ముందు గిటారు ఎలా పాడైందో చెప్తాను," అంది. "దీన్ని పాతకాలపు జిగురుతో అతికించారు. వేడి చేసి పూసే జిగురు అది. మళ్లీ బాగా వేడి తగిలితే వదులైపోతుంది. అందుకే మేస్త్రమ్మగారు పలకని శుభ్రంగా ఊడదీయగలిగారు. అదే వేడి, ఊడదీయాలని ఎవరూ అనుకోనప్పుడు తగిలితే? లోపలి బద్దలు జారతాయి, పైన తీగలు లాగుతుంటాయి, పలక కుంగుతుంది. పిడికిలి అక్కర్లేదు."

పలక లేదు కదా, ఇదంతా నమ్మేదెలా అని కూతురు అడిగింది. డిటెక్టివ్ పెట్టె తెరిచి అరలోని మైనం చూపించింది. కరిగి గట్టిపడిన మైనం అందరి చేతులూ మారింది.

"పెట్టె పడుకుని ఉంటే ఇది అడుగున పరుచుకునేది. పక్క గోడకి అతుక్కుందంటే, మైనం కరిగినప్పుడు, మళ్లీ చల్లారినప్పుడు పెట్టె పక్కకి నిలబెట్టి ఉంది. ఇంట్లో దీన్ని ఎప్పుడూ బల్ల మీద పడుకోబెట్టే ఉంచుతారు. పెట్టెని నిలబెట్టక తప్పని ఇరుకు చోటు, మైనం కరిగేంత వేడి, రెండూ ఉన్నది ఎక్కడ? ఎండలో ఆపిన కారు డిక్కీలో. ఆ రోజు మీ కారు వాకిట్లో లేదు. మీరు బస్సులో వేలాడుతూ వెళ్లారు, మీ ఆయన స్కూటరు మీద వెళ్లారు."

కూతురు భర్త వైపు చూసింది. భర్త ఆమె వైపు చూశాడు. ఇద్దరూ ఇంకెటూ చూడలేదు.

"ఇక పలక తీసినవాళ్ల సంగతి. ఆదివారం సాయంత్రం చీకటి పడ్డాక వచ్చారు. తాళం చెవి చోటు తెలుసు, కాబట్టి చిన్నోడిగారే అనుకున్నాం. కానీ ఆ వచ్చిన మనిషి వెళ్లేముందు ఒక పని చేశారు. బాగుచేసిన గిటారు మీద పొద్దున ఎండ పడుతుందేమోనని కిటికీకి తెర దించారు." ఆమె లేచి తెరని పక్కకి లాగింది. గదంతా చల్లటి వెలుతురు నిండింది. "ఇది ఉత్తరపు కిటికీ. దీంట్లోకి ఎండ రాదు. ఈ కిటికీ కిందే రోజూ పనిచేసే చిన్నోడిగారికి ఆ తెర దించాల్సిన అవసరం లేదు. గిటారంటే గిట్టనివాళ్లకి ఆ ఆలోచనే రాదు. దొంగతనానికి వచ్చి కూడా గిటారుకి ఎండ తగలకూడదని తాపత్రయపడ్డారంటే, ఎండంటే ఆ మనిషికి ఎంత భయం పట్టుకుందో చూడండి. తాడు కూడా తెంపలేదు, ముడి విప్పి చుట్టచుట్టి పెట్టారు. గురువుగారి కాలంలో సాయంత్రాలు వచ్చి ఈ తలుపు తాళం తనే తీసుకుని కూర్చున్న మనిషి, ఈ కిటికీని పగటి వెలుతురులో చూడని మనిషి."

ఆమె అక్కడ ఆపేసింది. మరిది తర్వాత పేరు వస్తుందని నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఆమె చెప్పలేదు. మిగతాది తను చెప్పాల్సింది కాదని మాత్రం అంది.

మాస్టారు కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచారు.

"పలక నా పరుపు కింద ఉంది," అన్నారు. "శాలువాలో చుట్టి పెట్టాను. పారేద్దామనుకున్నాను, చేతులు రాలేదు. కారులో పెట్టి మర్చిపోయింది నేనే."

కూతురు నాన్నా అని ఏదో అనబోతే ఆయన చెయ్యెత్తి ఆపారు.

"గిటారుని ఎండలో పెట్టొద్దని పిల్లలకి మొదటి పాఠంగా చెప్పేవాణ్ని. ఆ సాయంత్రం పెట్టె తెరిచినప్పుడు నాకు నోరు పడిపోయినట్టయింది. మీరంతా చిన్నోడే అన్నారు. కాదు అనాల్సింది. ఆ ఒక్కమాట అనలేకపోయాను. మర్నాడు అంటాననుకున్నాను. రోజులు గడిచేకొద్దీ ఆ మాట మరీ బరువైపోయింది. వాడి మొహం చూడకపోవడం కోపంతో కాదు. చూడలేక."

"అసలా రోజు గిటారు తీసుకుని ఎక్కడికి వెళ్లారు?" అని అడిగింది డిటెక్టివ్. ఆ ఒక్కటి ఆమెకి కూడా తెలియదు.

మాస్టారు మొదటిసారి గది ఆ చివరకి చూశారు.

"ఇక్కడికే. అంత గొడవపడ్డాక మనసు ఊరుకోలేదు. వీడి చేతిలో పనుందని నాకు తెలుసు. చిన్నప్పుడు నా బిరడాలు వీడే సరిచేసేవాడు. గిటారు వీడి చేతిలో పెట్టి, ఇకనుంచి దీని బాగోగులు నువ్వే చూసుకో, నీ పని నువ్వు చేసుకో అని చెబ్దామని వచ్చాను. గుమ్మం దాకా వచ్చాను. లోపల వీడి గొంతు వినిపించింది. ఏ మొహంతో వెళ్లను అనిపించింది. కారు అక్కడే వదిలేసి, వీధులన్నీ తిరిగి తిరిగి, చల్లబడ్డాక ఇంటికి తీసుకెళ్లాను. డిక్కీలో గిటారున్న సంగతే అప్పటిదాకా మర్చిపోయాను. ఇల్లు చేరాక గుర్తొచ్చి, తెరిచి చూడకుండానే పెట్టెని బల్ల మీద పెట్టేశాను. నిన్ను నేను ఒక్క రోజు కూడా అనుమానించలేదురా చిన్నోడా. నిన్ను అనుమానించే అర్హత నాకెక్కడిది?"

చిన్నోడి చేతిలో ఇసుక కాగితం నలిగి ముద్దైంది. కోపం వస్తుందేమోనని మేస్త్రమ్మ భయపడింది, రావాల్సిన కోపమే కూడా. కానీ అతని మొహంలో ముందు కనిపించింది కోపం కాదు. నెలల తరబడి నెత్తిన పెట్టుకున్న మూట ఎవరో చెయ్యి వేసి దించితే మనిషి ఎలా తూలుతాడో, అలా తూలి బల్ల పట్టుకున్నాడు. తర్వాత చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. అక్క వెళ్లి తమ్ముడి తల తన భుజానికి వాల్చుకుని, నోటికొచ్చిందల్లా అన్నాన్రా, నా నోరు పడిపోనూ అంటూ తనూ ఏడ్చింది. అల్లుడు జేబులోంచి చేతిరుమాలు తీసి ఎవరికివ్వాలో తెలియక చివరికి తనే కళ్లు తుడుచుకున్నాడు.

ఏడుపు తగ్గాక చిన్నోడు తండ్రి దగ్గరికి నడిచి వచ్చాడు. ఏమంటాడా అని అందరూ చూశారు.

"నాన్నా, ఆ రోజు లోపలికి వచ్చుంటే బావుండేది," అన్నాడు.

"అవునురా," అన్నారు మాస్టారు.

మరిది గొంతు సవరించుకుని, నేను మొదట్నుంచీ ఈయన్నే అనుమానించాను వదినా అని మెల్లగా అన్నాడు. అవును, దూది పెట్టుకున్నది కూడా ఈయనేనా అంది డిటెక్టివ్. మేస్త్రమ్మకి నవ్వు ఆగలేదు. పొద్దున్నుంచీ గదిలో బిగుసుకున్నదంతా ఆ నవ్వుతో సడలి, అల్లుడితో సహా అందరూ నవ్వేశారు, ఎందుకో సగం మందికి తెలియకపోయినా.

మేస్త్రమ్మ గిటారు దించి మాస్టారి చేతికిచ్చింది. కొత్త పలక గొంతు మొదట్లో బిగుసుకునే ఉంటుందని, రోజూ వాయిస్తేనే విచ్చుకుంటుందని చెప్పింది. ఆయన ఒక తీగ మీటారు. శబ్దం కొంచెం మొద్దుగా, కొంచెం సిగ్గుగా వచ్చింది. ఆయన ఇంకోసారి మీటకుండా గిటారుని పెట్టెలో పెట్టి, పెట్టె మూసి, కారు తాళాల కోసం జేబులు తడుముకున్నారు.

చిన్నోడు చెయ్యి చాచాడు.

"తాళాలు నాకివ్వండి నాన్నా. కారు నేను నడుపుతాను," అన్నాడు. "గిటారు మీ ఒళ్లో పెట్టుకుని కూర్చోండి. ఇంటికి పోదాం."